పన్నెండు గంటల కూత

పత్తి బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి దిగితేగాని పెదకోటయ్యకు నమ్మకం కుదిరేది కాదు. నరసరావుపేటలో ఓ జిన్నింగు మిల్లుకు వచ్చే పత్తి మంచిచెడ్డలు చూసేది ఆయనే. బోరెం మూతి దగ్గరి పత్తిని ముట్టడు. అక్కడ ఎవరైనా మంచిదే పెడతారు. అడుగునుంచి పిడికెడు లాగి, పింజను రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి, ఆ తర్వాత బుగ్గకు ఆనించుకుంటాడు. నీళ్లు చల్లారో లేదో బుగ్గ చెబుతుంది.

"మంచుకు తడిసిందయ్యా," అంటాడు రైతు.

"ఏం మంచయ్యా అది, పైన వదిలేసి అడుగున కురిసింది?" అంటాడు పెదకోటయ్య. అంతకు మించి మాట ఉండదు.

ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఆ చెయ్యి ఇంటికి వచ్చినా ఊరుకునేది కాదు. బియ్యం కొన్నా, బెల్లం కొన్నా అడుగు చూడాల్సిందే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, మూడు సంబంధాలు చూశాననీ, మూడుచోట్లా పిల్ల వయసు తగ్గించి చెప్పారనీ అనేవాడు. ఆయన అడుగు చూడకుండా నమ్మిన మనిషి ఒక్కతే, అక్క రాఘవమ్మ. భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చి పదిహేడేళ్లయింది. వండేది, పెట్టేది, దాచేది ఆమే. చిరిగిన గోతాన్ని కూడా పారేసేది కాదు.

రాఘవమ్మకు తల్లి నేర్పిన పాటలు ఏడున్నాయి. ఆ తల్లి కృష్ణ అవతలి ఒడ్డునుంచి మాచర్ల వైపు కాపురానికి వస్తూ తెచ్చుకున్నవి. నలుగు పెట్టేటప్పుడు పాడేవి రెండు, ఉయ్యాల దగ్గర ఒకటి, మిగతావి తిరగలి దగ్గర. తల్లి పోయాక అవి తెలిసిన నోరు ఇంకొకటి లేదని పెదకోటయ్య లెక్క.

ఎనభై నాలుగు మాఘంలో రాఘవమ్మ గొంతు కింద గడ్డ లేచింది. గుంటూరు డాక్టరు చూసి, కోసి తీసేయాలన్నాడు.

"మాట ఉంటదా?" అని అడిగాడు పెదకోటయ్య.

"మాట ఉంటుంది. పాట సంగతి చెప్పలేను," అన్నాడు డాక్టరు.

ఆపరేషనుకు ఇంకా పన్నెండు రోజులుంది. పెదకోటయ్య తిన్నగా టేప్‌రికార్డర్లు అమ్మే కొట్టుకు పోయాడు. కొట్టువాడు రంగు లైట్లు వెలిగే పెద్ద పెట్టె చూపించాడు. పాట వస్తుంటే ఆ లైట్లు ఎగిరెగిరి పడుతున్నాయి.

"పాట వినడానికి లైట్లెందుకు? ఏదో కప్పెట్టడానికి పెట్టారు," అన్నాడాయన. ఒకే స్పీకరున్న మామూలు టూ ఇన్ వన్, రేడియో టేపు కలిసున్న పెట్టె, తీసుకున్నాడు. క్యాసెట్ కూడా అరవై నిమిషాలదే అడిగాడు. తొంభై నిమిషాల దాంట్లో టేపు పల్చగా ఉంటుందని, చక్రానికి చుట్టుకుంటుందని ఆయనకు జయరాజు చెప్పాడు.

జయరాజు పక్కింటివాడు. స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేస్తాడు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. అతని భార్య రాహేలు అదే చర్చిలో పాడుతుంది. జయరాజు చెప్పినమాట నిజమేనా అని పెదకోటయ్య ఇంకో ఇద్దరిని అడిగాడు. నిజమే అన్నారు. అయినా, ముగ్గురూ ఒకే పని చేసేవాళ్లే కదా అనుకున్నాడు.

మొదటిరోజు కరెంటు మీద పెట్టి రికార్డు చేస్తే పాట వెనక తుమ్మెద దూరినట్టు గుయ్‌మని ఒకటే మోత. మైకు మార్చి చూశాడు. ప్లగ్గు తిరగేసి చూశాడు. మోత పోలేదు. జయరాజును పిలవక తప్పలేదు.

"బాబాయ్, పెట్టెను బుగ్గకు ఆనించి చూశావా?" అన్నాడు జయరాజు నవ్వుతూ. మైకు పెట్టీ, తీసీ విన్నాడు. "ఈ మోత మీ కరెంటుది. పెట్టెది కాదు. బ్యాటరీల మీద నడుపు, పోద్ది. కొత్తవి వెయ్యి. మైకును పెట్టె మీద పెట్టబాక, మోటారు చప్పుడు ఎక్కుద్ది. బొంత మడతేసి దాని మీద పెట్టు."

"మరి గది మోగుతుందే?"

ఇంటి గోడలు, నేల, కప్పు అన్నీ నాపరాళ్లే. ఏ మాటన్నా రెండుసార్లు వినపడేది.

"నీ దగ్గర పత్తికేం తక్కువ?" అన్నాడు జయరాజు.

పెదకోటయ్య మిల్లునుంచి ఎనిమిది బోరేలు తెప్పించి గోడల వెంట నిలబెట్టించాడు. వాటి మధ్య పీట వేశాడు. రాఘవమ్మ కూర్చుని చుట్టూ చూసుకుంది.

"ఏందిరా ఇది. పాడమంటున్నావా, నన్ను బోరెంలో తొక్కి మిల్లుకు తోలుతున్నావా?"

ఆ రోజుల్లోనే పెదకోటయ్య ఒక సంగతి కనిపెట్టాడు. మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చే వేళకు రాహేలు ఆయన ఇంట్లోనుంచి బయటికి పోతూ ఉండేది. ఒకరోజు చింతపండుకు వచ్చానంది, ఒకరోజు జల్లెడకు వచ్చానంది. రెండోరోజు ఆమె చేతిలో జల్లెడ లేదు.

ఆరు కొత్త బ్యాటరీలు తనే కొన్నాడు. తనే తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. గురువారం మిల్లుకు సెలవు పెట్టి, పన్నెండుకు ఇరవై నిమిషాలుండగా మీట నొక్కాడు. రాఘవమ్మ కళ్లు మూసుకుని పాడింది.

*ఎద్దు అడుగు నీళ్లల్లో ఏరు దాటొచ్చాను,
ఏరు వెనక్కి చూస్తే ఏడిచింది నా ఊరు.*

అది మొదటిది. అయిదో పాట నడుస్తుండగా మిల్లు కూత వేసింది. పన్నెండు. రాఘవమ్మ ఆగలేదు. పెదకోటయ్య ఆపలేదు. ఏడూ అయ్యాయి. అన్నం తిన్నాక వెనక్కి తిప్పి మొదటి పాట విన్నారు. మోత లేదు. గొంతు కాస్త బరువుగా ఉన్నట్టనిపించింది. గడ్డ వల్ల అనుకున్నాడు.

తర్వాత క్యాసెట్ తీసి, దాని వెనక ఉండే రెండు చిన్న పలుకులు విరిచేశాడు. అవి విరిస్తే దాని మీద మళ్లీ ఎవరూ ఏమీ రికార్డు చేయలేరు. క్యాసెట్ మీదే సూదితో తన గుర్తు గీశాడు, బోరేల మీద గీసే గుర్తే. చొక్కా జేబులో వేసుకున్నాడు. గుంటూరు పోయేముందు దాన్ని జయరాజు చేతిలో పెట్టి, "ఇంటికి తాళం పడుద్ది. నీ బీరువాలో ఉంచు. వచ్చాక ఇంకో క్యాసెట్ మీదకు ఎక్కిద్దాం. నేను లేకుండా ముట్టుకోబాక," అన్నాడు.

మూడు వారాలకు తిరిగొచ్చారు. రాఘవమ్మ మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. మాట గాలిలా వచ్చేది. పక్కన కూర్చుంటేగాని వినపడేది కాదు. పాడమని ఎవరూ అడగలేదు.

మర్నాడే పెదకోటయ్య జయరాజు కొట్లో క్యాసెట్ పెట్టించాడు. మొదటి పాట బాగానే ఉంది. రెండో పాటకు చిన్నగా తేడా. మూడో పాటకు పెదకోటయ్య వంగాడు. నాలుగుకు వచ్చేసరికి పాడుతున్నది యాభై ఏడేళ్ల మనిషి కాదు. ఎవరో పడుచుపిల్ల. గొంతు సన్నగా, తొందరగా పోతోంది. ఆరు, ఏడు పాటల దగ్గర కీచుమని వణుకు తప్ప ఏమీ లేదు.



"ఎవరిదిది?" అన్నాడు పెదకోటయ్య.

"స్పీడు తేడా వచ్చినట్టుంది బాబాయ్."

"స్పీడు తేడా అయితే మొదటిది ఎట్టా బాగుంది?"

జయరాజు తల గోక్కున్నాడు. "బ్యాటరీలు పాతవి వెయ్యలేదు గదా?"

"నేను కొన్నా. నేను తెచ్చా. దుకాణంలో టార్చిలైట్లో వేసి చూసి మరీ తెచ్చా."

"మరయితే నాకూ తెలవట్లేదు."

పెదకోటయ్య క్యాసెట్ తీసి వెలుతురుకు పెట్టాడు. సూది గుర్తు ఉంది. పలుకులు విరిచిన సందులో తెల్లగా ఏదో కనపడింది. గోటితో లాగాడు. దూది పీచు. విరిచిన సందులో దూది కుక్కితే దాని మీద మళ్లీ రికార్డు చేయొచ్చు. ఆ సంగతి చెప్పింది కూడా జయరాజే.

"నా పాటలు చెడగొట్టి నీ పెళ్లాం చేత పాడించావా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

రాహేలు కొట్టుకు క్యారియర్ తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "నేను కాదు మావయ్యా," అంది. ఇంకేదో అనబోయి ఆగిపోయింది. ఆమె ఆగటం పెదకోటయ్య చూశాడు.

"మా ఇంటికి రోజూ ఎందుకొచ్చేదానివి?"

రాహేలు క్యారియర్ బల్లమీద పెట్టింది. జయరాజు క్యాసెట్‌ను డబ్బాలో పెట్టి ఆయన ముందుకు తోశాడు.

"నీ చొక్కా జేబు దులుపుకో బాబాయ్, బోరెం నిండుద్ది. తీసుకుపో దీన్ని."

ఆ తర్వాత రెండిళ్ల మధ్య మాటల్లేవు. పెదకోటయ్య పొద్దున పనికి పోయేముందు, సాయంత్రం వచ్చాక కరెంటు మీద పెట్టి ఆ క్యాసెట్ వినేవాడు. వినడానికి కాదు, దొంగను పట్టుకోవడానికి. రాహేలు ఎక్కడ తడబడుతుందా, చర్చి పాటల సాగతీత ఎక్కడ దొరుకుతుందా అని. రాఘవమ్మ వంటింట్లోనుంచి వింటూ ఉండేది. కొట్లో గొడవ ఎందుకైందో ఆయన ఆమెకు చెప్పలేదు.

ఆరోరోజు అయిదో పాట మధ్యలో ఆయన చెయ్యి ఆగింది. పాట వెనక ఒక సన్నని ఈల. పిల్లలు తాటాకు బూర ఊదినట్టు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. అది మిల్లు కూత.

రాహేలు పాడి ఉంటే పాడి ఉండొచ్చు. మిల్లు చేత సన్నగా కూయించేవాడు ఈ ఊళ్లో లేడు.

మర్నాడు పన్నెండింటికి గేటు దగ్గర నిలబడి చేతి గడియారం చూశాడు. కూత వేసే కాపలావాడు ఎన్నడూ తప్పడు, నిమిషం పాటు పట్టి ఉంచుతాడు. అరవై సెకన్లు. ఇంటికొచ్చి టేపులో కూతను చూశాడు. యాభై. మళ్లీ చూశాడు. యాభయ్యే.

అంటే పాడింది అక్కే. పరుగెత్తుతున్నది టేపు. రికార్డు చేసేటప్పుడు పెట్టె నెమ్మదిగా నడిచి ఉండాలి, పోనుపోను ఇంకా నెమ్మదిగా. అప్పుడు పెదకోటయ్య పెట్టెను బోర్లించాడు. కొన్నప్పటినుంచి దాన్ని నాలుగువైపులా చూశాడు గాని ఆ వెనక మూత తీసి చూడలేదు. అందులో బ్యాటరీలు వేసింది అక్క.

మూత తీశాడు. ఆరు బ్యాటరీలు. మీది కాగితం ఎండకు వెలిసిపోయి ఉంది. చివర్లలో తెల్లగా ఉప్పు పొంగింది. ఒకదానికి మిరపగింజ అంటుకుని ఉంది. బుగ్గకు ఆనించుకోబోయి తుమ్మాడు.

మేడమీద మిరపకాయలు ఎండబోసినప్పుడల్లా రాఘవమ్మ, నీరసించిన రేడియో బ్యాటరీలు కూడా పక్కన వరసగా పేర్చేది. ఎండ తగిలితే వాటికి కాస్త ప్రాణం వస్తుంది. కాసేపు బాగా నడుస్తాయి, పోనుపోను చతికిలబడతాయి. ఊళ్లో అందరూ చేసే పనే.

"అక్కా, నేను తెచ్చిన బ్యాటరీలేవి?"

రాఘవమ్మ ట్రంకుపెట్టె తీసింది. చీర మడతలోనుంచి ఆరూ తీసి చూపించింది. కాగితం కూడా విప్పలేదు.

"ఆసుపత్రిలో టార్చికి ఉంటాయని," అంది గాలిగొంతుతో. "ఎండబెట్టినవి ఉండగా కొత్తవి ఎందుకురా పాడు చెయ్యడం."

పెదకోటయ్య ఎండబెట్టిన ఆరింటినీ డబ్బాలో వేసుకుని, పెట్టె చంకన పెట్టుకుని స్టేషన్ రోడ్డుకు నడిచాడు. రాఘవమ్మ వెంట వచ్చింది. కొట్లో జయరాజు తల ఎత్తలేదు. పెదకోటయ్య డబ్బా బల్లమీద పెట్టాడు.

"అడుగు చూడలేదు," అన్నాడు.

జయరాజు డబ్బాలోకి చూశాడు. మిరపగింజ చూశాడు. చాలాసేపటికి నవ్వాడు.

"అత్తా, చెట్నీలో నూరాల్సినవి పెట్టెలో వేశావా?" అన్నాడు. తర్వాత పెదకోటయ్య వైపు తిరిగి, "వీటితోనే పోయింది, వీటితోనే రావాల. రెండ్రోజులు మళ్లీ ఎండబెట్టు. నీ పెట్టెను వీటి మీద పాడిద్దాం, నా డెక్కు కరెంటు మీద పట్టుకుంటది. అప్పుడెంత నెమ్మదించాయో ఇప్పుడూ అంతే నెమ్మదిస్తే నీ అదృష్టం," అన్నాడు.

రెండ్రోజులకు రెండు పెట్టెల మధ్య వైరు కలిపాడు. పెదకోటయ్య గడియారం పట్టుకుని కూర్చున్నాడు. రెండో పాట వచ్చింది. మూడోది వచ్చింది. రాఘవమ్మ తన గొంతు వింటూ తువ్వాలు అంచు నలుపుతూ కూర్చుంది. అయిదో పాటలో కూత వేసింది. యాభై ఎనిమిది సెకన్లు. నిజం మిల్లు కూతే.

ఆరోది రాలేదు. ఏడోదీ రాలేదు. టేపులోనే మిగల్లేదన్నాడు జయరాజు.

రాఘవమ్మ గుమ్మం వైపు చెయ్యి ఊపింది. అక్కడ రాహేలు ఉంది. "నువ్వు పాడవే," అంది రాఘవమ్మ.

రాహేలు పెదకోటయ్య వైపు చూసింది. ఆయన అక్క వైపు చూశాడు.

"ఈ పిల్లకెట్టా వచ్చు?"

"నేనే నేర్పా. ఏడూ. నీకు చెప్పొద్దన్నా."

"ఎందుకు?"

రాఘవమ్మ ఊపిరి పట్టి, ఒక్కొక్క మాటే అంది. "నువ్వు పెట్టెను నమ్ముకున్నావు. అన్ని పాట్లు పడుతున్నావు. నాకు దాని మీద నమ్మకం లేదురా. చెబితే చిన్నబుచ్చుకుంటావని."

జయరాజు మైకు కింద బొంత మడత పెట్టాడు. ఆ కొత్త క్యాసెట్‌ను పెదకోటయ్య పెట్టెలోకి మార్చి, ఈసారి కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కాడు. రాహేలు ఆరో పాట పాడింది, ఏడోది పాడింది. పెదకోటయ్య కళ్లు మూసుకుని, పింజ సాగదీసినట్టు ఒక్కొక్క మాటా సాగదీసి విన్నాడు. ఏడో పాటలో ఒకచోట రాహేలు పైకి ఎత్తింది.

"అక్కడ మా అక్క ఎత్తలేదు," అన్నాడు వెంటనే.

"ఎత్తాల," అంది రాఘవమ్మ. "గడ్డ లేచాక నాకు రాలా. ఆ పిల్లకు చెప్పా."

జయరాజు క్యాసెట్ తీసి, పలుకులు విరవమంటావా అని అడిగాడు. పెదకోటయ్య అందుకుని అటూ ఇటూ తిప్పాడు. సూది కోసం జేబులో చెయ్యి పెట్టి, అడుగున అంటుకున్న దూది పీచు మాత్రం తీసి పారేశాడు.

"ఉండనీ. ఇంకా చోటుంది గదా."

ఇంటికి నడుస్తుంటే దారిలో ఆయనకు ఒకటి తట్టింది. పదిహేడేళ్లు ఒకే కప్పు కింద ఉన్నారు. ఏడని చెప్పింది కూడా అక్కే.

"నిజంగా ఏడేనా అక్కా?"

రాఘవమ్మ తువ్వాలు సర్దుకుంది. వినపడనట్టే ముందుకు నడిచింది.