బావగారికి పడని ఓటు

కళింగపట్నం బస్సులో నా పక్క సీటావిడ శ్రీకాకుళం నుంచీ తమ ఊరి కుళాయిని తిడుతూనే ఉంది. పంచాయతీ ప్రెసిడెంటుగా భర్త అన్నగారు నిలబడితే, ఆమె అవతలివాడికి ఓటేసిందట.

"మీ బావగారు మంచివాడు కాదా?" విసుగ్గా అడిగాను.

"దేవుడులాటోడు. అయితే ఏటి? తమ్ముడి పెళ్లాన్ని, ఆయనెదురుగా నోరెత్తకూడదు గదా! ఆయన గెలిస్తే నీళ్లు రానేదని ఎవుల్ని అడగాల? గెలిచిన ఈడినైతే గుమ్మంలో నిలబడి కడిగేస్తన్నాను."

"మరి నీళ్లొచ్చాయా?"

"ఏటొస్తాయి! రేపు మల్లీ ఎల్తాను," అంటూ కొత్త ప్లాస్టిక్ బిందె చంకనెత్తుకుని దిగిపోయింది.

మా వీధిలోనూ నీళ్లు సరిగా రావు. నేనెప్పుడూ మంచివాళ్లకే ఓటేస్తాను. వాళ్లలో ఒక్కరి గుమ్మమూ ఇంతవరకూ ఎక్కింది లేదు.