ఆయన బీరుకి నేను కొన్న కెగ్గు

మా ఆయన ఇంట్లో బీరు కాచేవారు. నేను దాన్ని కుడితి అనేదాన్ని. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఇల్లు కొన్న ఏడాదే గ్యారేజీలో సగం ఆయన కుండలు, బకెట్లు ఆక్రమించాయి. అక్కడున్న ఫ్రిజ్ కోసం మా ఇద్దరికీ పదేళ్లు యుద్ధం నడిచింది. నా దోసెల పిండి, ఆవకాయ ఒక పక్క, ఆయన సీసాలు ఒక పక్క. నేను చుక్క కూడా నోట్లో పోసుకోలేదు. మా ఇంటా వంటా లేదని గొప్పగా చెప్పుకునేదాన్ని.

కిందటేడు ఆయనకి కేన్సరని తేలింది. కీమో మొదలయ్యాక అన్నిటికంటే ముందు రుచి పోయింది. ఏం పెట్టినా ఇనుప ముక్క చప్పరిస్తున్నట్టుంది అనేవారు. పులుసులో ఉప్పు కొంచెం తగ్గినా కనిపెట్టే మనిషి, కళ్లు మూసుకుని అన్నాన్ని మందులా మింగుతుంటే చూడలేకపోయేదాన్ని. ఆ మందు మీద కోపం వచ్చేది, నా వంట మీద కోపం వచ్చేది, ఒక్కోసారి ఆయన మీద కూడా.

మూడో విడత అయ్యాక డాక్టరు కొన్నాళ్లు విరామం ఇచ్చారు. ఆ విరామంలో రుచి కొంత తిరిగి రావచ్చన్నారు. ఈయన ఊరుకోక, ఒక గ్లాసు బీరు తాగొచ్చా అని అడిగారు. ఆవిడ నవ్వి, ఒకటంటే ఒకటే అన్నారు.

ఒంట్లో ఓపిక ఉన్న ఒక రోజు ఆయన, రెండిళ్ల అవతల ఉండే స్నేహితుడు కలిసి కాచిన బీరు అల్మారాలో బకెట్‌లో పులిసి సిద్ధంగా ఉంది. గ్యాస్ పట్టించడమే మిగిలింది. సీసాల్లో పంచదార వేసి బిరడా బిగిస్తే గ్యాస్ దానంతటదే పడుతుంది, కానీ మూడు వారాలు కావాలి. విరామంలో మాకు మిగిలినవి రెండే. కెగ్గులో, అంటే మూత బిగిసే స్టీలు పీపాలో పోసి, చల్లబరిచి, సిలిండర్‌తో గ్యాస్ ఎక్కిస్తే నాలుగైదు రోజులు చాలట. కెగ్గు ఆయనకి ఎన్నాళ్ల కోరికో. చోటు లేదని నేనే ఆపాను. ఆ స్నేహితుడేమో ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్లాడు. అందుకని నేనే డ్రైవ్ చేసుకుంటూ ఆయన్ని బీరు సామాన్లు అమ్మే షాపుకి తీసుకెళ్లాను.

షాపతను తలుపు దగ్గర కుర్చీ వేశాడు. ఆయన అందులో కూర్చున్నారు, ఎంచడం నా వంతయింది. తళతళలాడే చిన్న కెగ్గు కొత్తది కనిపించింది. నాకు అదే నచ్చింది.

"చిన్నది వద్దు. ఆ ఐదు గ్యాలన్లది, యూజ్డ్‌దే తీసుకో. మూత తీసి రబ్బర్లు చెక్ చేయి, పగిలుంటే వద్దు. పైన వాల్వ్ లాగి చూడు, ఉస్సుమంటే సీల్ బాగున్నట్టే."

"మీ ఒక్క గ్లాసుకి ఐదు గ్యాలన్లా?"

"నెక్స్ట్ బ్యాచ్‌లకి వద్దా?" అన్నారు. నేను పాత కెగ్గుల వైపు నడిచాను.

మూడు కెగ్గుల వాల్వులు లాగాక నాలుగోది ఉస్సుమంది. నేను మోయగలిగేంత చిన్న సిలిండర్ చాలన్నారు గానీ, రెగ్యులేటర్ దగ్గర మాత్రం రాజీపడలేదు. సిలిండర్‌లో ఎంతుందో చూపే గేజ్ ఒకటి, కెగ్గులోకి ఎంత పోతోందో చూపేది ఒకటి, రెండూ ఉండాల్సిందే. ఆ గంటసేపూ ఆయన గొంతులో పాత దబాయింపు వినిపించింది. నాకు ఏడుపొచ్చింది, గొట్టాల వైపు తిరిగి నిలబడ్డాను.

ఇంటికొచ్చాక, కెగ్గుని క్లీనింగ్ పౌడర్ నీళ్లతో నానబెట్టి, కడిగి, శానిటైజర్ తిప్పితే చాలని చెప్పి ఆయన పడుకున్నారు. నానబెట్టాను. అడుగున గోధుమరంగు మరక పోలేదు, అందులో ఇదివరకు పోసిన సోడా వాసనా పోలేదు. గిన్నె తోమకపోతే కడిగినట్టే కాదని పెరిగినదాన్ని. స్టీలు పీచును పొడవాటి చెక్క గరిటెకు దారంతో కట్టి, ఆ ఇరుకు మూతిలోంచి దించి, భుజం లాగేదాకా తోమాను. మరక పోయింది. టార్చి వేస్తే లోపల అద్దంలా మెరిసింది. పదేళ్లలో ఆయన బీరుకి నేను చేసిన మొదటి పని అది. ఎంత గర్వపడ్డానో.

శానిటైజర్ తిప్పి, ఆయన చెప్పినట్టే బీరు పోసి, ఫ్రిజ్‌లో పెట్టి గ్యాస్ తగిలించాను. ఐదో రోజు మధ్యాహ్నం ఆయన్ని వెనక డెక్ మీద కూర్చోబెట్టి, కుళాయి నొక్కి గ్లాసు నింపి ఇచ్చాను. నురగ బాగా వచ్చింది. వెలుతురుకి ఎత్తి చూసుకుని, ఒక గుక్క తాగి, చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నారు.

"ఎలా ఉంది?"

"ఇనుము." ఇంకో గుక్క తాగారు. "అదే ఇనుము. బీరు బాగానే వచ్చుంటుందిలే. నా నాలుకే పోయింది, రుచి ఇంక రాదు."

గ్లాసు కింద పెట్టేశారు. నాకు తాగి చూడాలని తోచనైనా లేదు. ఆ పొద్దున్నే కాఫీలో డికాక్షన్ తగ్గిందని ఆయన నన్ను విసుక్కున్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ రోజు నుంచి ఏం వండమంటారని అడిగినా "ఏదైనా ఒకటే" అనడం మొదలుపెట్టారు.

రెండు రోజులకి స్నేహితుడు తిరిగొచ్చాడు. గ్యారేజీలో కొంచెం పోసుకుని తాగి, వెంటనే ఉమ్మేశాడు.

"వదినా, ఇది తుప్పు టేస్ట్. కెగ్ దేంతో క్లీన్ చేశారు?"

పీచు చూపించి, ఆయన ఇనుమన్న సంగతీ చెప్పాను. అతను దాన్ని వేళ్లతో నలిపి చూశాడు. "దీంతో తోమకూడదు వదినా. దీని పొడి లోపల అంటుకుని తుప్పు పడుతుంది. అన్నకి టేస్ట్ కరెక్ట్‌గానే తెలిసింది. నేను చెప్పనా?"

"వద్దు, నేనే చెప్తాను."

అతను వెళ్లాక, బతుకులో మొదటిసారి బీరు తాగాను. నాకూ ఇనుమే తగిలింది. మొత్తం డ్రెయిన్‌లో పారబోశాను.

పైకి వెళ్లేసరికి ఆయన కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. చెబితే నవ్వేవారు, ఏడాదిపాటు నన్ను ఏడిపించేవారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నోరు రాలేదు. పదేళ్లు కుడితి అని ఎగతాళి చేసి, ఆయన అడిగిన ఒక్క గ్లాసూ నేనే పాడుచేశానని ఎలా చెప్పను? వచ్చే విరామంలో మంచి బీరు చేతికిచ్చి అప్పుడు చెబుదాం, సర్‌ప్రైజ్‌గా ఉంటుంది అనుకున్నాను. సిగ్గుకి నేను పెట్టుకున్న పేరది.

నాలుగో విడత మధ్యలో ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో చేరారు. మళ్లీ ఇంటికి రాలేదు. చివరి వారంలో ఒక రోజు చారు తీసుకెళ్లి, ఒక చెంచా నోట్లో పోసి, అలవాటు కొద్దీ ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

"నాకేం తెలుస్తుంది? నువ్వే చూసి చెప్పు," అన్నారు.

అప్పుడైనా ఆ బీరు సంగతి చెప్పి ఉండొచ్చు. అదే చెంచాతో రుచి చూసి, సరిపోయిందండీ అన్నాను.