ప్రణాళిక మా గుడిసె దాకా వచ్చిన రోజు

అశోక్‌నగర్‌లో నేను వంట చేసే ఆడపిల్లల హాస్టలు పక్కన ఒక పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. పొద్దున్నే కిటికీ తెరిస్తే తడి సిమెంటు వాసన గుప్పున లోపలికి వచ్చి, పోపు వాసనను కూడా పక్కకు నెట్టేస్తుంది. పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మా అమ్మ పని నుంచి వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

మొన్న ఆ కిటికీ దగ్గరే కూర్చుని సుజాత అనే వనపర్తి పిల్ల సర్కారు కొలువు పరీక్షకు పైకి చదువుతోంది. జాతీయాదాయం పెంచడం, ప్రజల జీవన ప్రమాణాలు మెరుగుపరచడం, ఇవీ పంచవర్ష ప్రణాళిక లక్ష్యాలు అని.

"ఆ ప్రణాళిక మా ఇంటికొచ్చింది బిడ్డా," అన్నాను.

"ఏంది ఆంటీ, ప్రణాళిక ఇంటికొస్తదా?" అని నవ్వింది.

వచ్చింది. చాయ్ కూడా తాగింది.

మా అమ్మానాన్నలు పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్లు. చిక్కడపల్లి వెనక మురుగు నాలా ఒడ్డున మట్టి గోడలు, వాటి మీద పాత రేకులు, రేకులు చాలని చోట గోనె పట్టాలు, అదీ మా బస్తీ. బడి నాకు అచ్చిరాలేదు. అక్షరాలు వచ్చీరాకముందే అమ్మ వెంట పని జాగాలకు పోవడం మొదలైంది. హిమాయత్‌నగర్‌లో, నారాయణగూడలో కొత్తగా లేస్తున్న ఇళ్ల ముందు పోసిన ఇసుక కుప్పలే మా ఆట స్థలాలు. పొద్దున చల్లగా, మధ్యాహ్నానికి అరికాళ్లు కాలేటట్టు ఉండే ఆ ఇసుకలో పాదం దూర్చి గూళ్లు కట్టేవాళ్లం, నున్నటి కంకర రాళ్లు ఏరి కచ్చకాయలు ఆడేవాళ్లం, చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఎవరి తమ్ముడు ఏడ్చినా ఎవరం దగ్గరుంటే వాళ్లం ఊపేవాళ్లం. ఎండకాలం అంబలి, చలికాలం జొన్నరొట్టె మీద కారం, వానకాలం మాత్రం ఏం తిన్నామన్న దానికంటే ఎక్కడ తడవకుండా కూర్చుని తిన్నామో అదే గుర్తు.

మాకు దసరా కంటే పెద్ద పండగ స్లాబ్ వేసే రోజు. పొద్దుటి నుంచి కాంక్రీటు కలిపే మిల్లరు గడగడమంటుంటే, ఆడవాళ్లు కింది నుంచి మీది దాకా నిచ్చెన పొడుగునా నిలబడి చేతుల మీదుగా మాలు తట్టలు అందించేవారు. నడుమ ఆపితే స్లాబుకు అతుకు పడుతుందని, అయ్యేదాకా ఎవరూ కూర్చునేవారు కాదు. అయ్యాక ఇంటి యజమాని బగారా అన్నం, మటన్ కూర పెట్టించేవాడు. సిమెంటుకు పొక్కిన వేళ్లకు మంచినూనె రాసుకుని, అమ్మ ఆ కారపు కూర ఉఫ్ ఉఫ్ అంటూ తినేది.

"ఎందరి నెత్తి మీదనో స్లాబ్ ఏసిన. నా నెత్తి మీద ఎన్నడేస్తరో," అనేది.

"సచ్చినంక మట్టేస్తరు తియ్," అనేవాడు నాన్న.

అట్లాంటి అమ్మ చెవిన ఒకరోజు బస్తీ పెద్ద చల్లని మాట వేశాడు. సర్కారు ప్లానులో గరీబోళ్ల బతుకులు మంచిగ చేయాలని రాసుకున్నారట, గుడిసెలున్న చోటనే స్లాబ్ ఇళ్లు కట్టిస్తారట, మన బస్తీకా ఇంకో బస్తీకా తేల్చడానికి ఆఫీసరు సారు వచ్చి చూస్తాడట. మా గుడిసె గల్లీ మొదట్లో ఉంది కనుక సారు కూర్చునేది మా ఇంట్లోనే.

బతుకమ్మ రోజులవి. నాలా ఒడ్డంతా గునుగు పూసి తెల్లగా ఉంది. పూలు కోయడం మాని ఆడవాళ్లంతా మా గుడిసె మీద పడ్డారు. గోడలకు సున్నం, గడపకు ఎర్రటి జాజు, ముందర ముగ్గు. కిరాణా సేటు దగ్గర్నుంచి కుర్చీ వచ్చింది. ఒకరు సుల్తాన్ బజార్‌లో కొని పెట్టెలో దాచుకున్న పూల దుప్పటి తెచ్చారు, ఒకరు నడవని గోడ గడియారం తెచ్చారు. పక్కింటి బాలమణి అత్త, పెళ్లినాడు పుట్టింటివాళ్లు పెట్టిన రేడియో కొంగుతో తుడిచి తెచ్చి గూట్లో పెట్టింది.

నాన్న గడప దగ్గరే నిలబడిపోయాడు. "సారు గరీబోళ్ల ఇల్లు చూడనీకి వస్తుండు, పెండ్లి ఇల్లు కాదు. ఉన్నదున్నట్టు ఉండనియ్యి."

"ఇంటికొచ్చినోణ్ణి గోనె మీద కూసోవెడ్తమా? మన ఇజ్జత్ ఏం గావాలె?" అంది అమ్మ.

సారు మంచివాడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. చాయ్ తాగాడు, రొట్టె, బెల్లం కలిపి అమ్మ చేసిన మలీద ముద్ద తిని ఇంకొకటి అడిగి తీసుకున్నాడు. దుప్పటి చూశాడు, గడియారం చూశాడు, గూటి దగ్గర ఆగాడు.

"రేడియో మీదేనామ్మా?"

బాలమణి అత్త దర్వాజ దగ్గరే నిలబడి ఉంది. అమ్మ ఆమెను చూసింది, నాన్నను చూసింది.

"మాదే సారూ," అంది.

"చాలా బాగా ఉంచుకున్నారు," అని సారు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ మాటకు ఆ పొద్దంతా బస్తీ మురిసిపోయింది.

ఇళ్లు ఇంకో బస్తీకి వచ్చాయి. "మీరు మంచిగనే ఉన్నరంట. మీకంటే తక్కువోళ్లకు ఇచ్చిన్రంట," అని బస్తీ పెద్ద తల దించుకుని చెప్పిపోయాడు. నేను ముందే చెప్పలేదా అని నాన్న అని ఉంటే అమ్మకు తేలికయ్యేదేమో.

బాలమణి అత్తే వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. "నా రేడియోల సెల్లు గూడ లేకుండె వదినా. జర చెవి తిప్పి చూసినా గరీబోళ్లమని తెలిసిపోతుండె," అంది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఎప్పుడు ఏడుపయిందో నాకు తెలియలేదు.

తర్వాత కొన్నేళ్లకు నాలా వెడల్పు చేస్తామని చెప్పి బస్తీ ఎత్తేశారు. తలొక దిక్కు కిరాయి గదులకు చేరాం. అమ్మ కడపటి రోజులు చిక్కడపల్లిలో ఒక గదిలో గడిచాయి. పైన స్లాబే, కానీ ఓనరుది. వాన మొదలైతే చాలు, అమ్మ లేచి, గుడిసెలో పెట్టినట్టే గిన్నెలు వరసగా నేల మీద పెట్టేది. కారదమ్మా అని చెబితే ఊ అనేది, మళ్లీ పెట్టేది. చెప్పడం మానుకున్నాను. వాన వెలిశాక పొడి గిన్నెలు నేనే తీసి సర్దేదాన్ని.

ఆ బస్తీ జాగాలో ఇప్పుడు అపార్టుమెంటు. గునుగు లేదు. బాలమణి అత్త ఏ దిక్కున ఉందో, ఉందో లేదో.

సుజాత పుస్తకం మూసి అంతా విన్నది. "నాది కాదు, పక్కింటామెదని చెప్తే ఇల్లొస్తుండె కద ఆంటీ?"

"ఇచ్చినామె ఎదురుంగనే నిలబడ్డది బిడ్డా. మురిపెంగ తెచ్చి పెట్టినదాన్ని నాది కాదని ఎట్ల చెప్తది?"

అర్థం కానట్టు చూసింది. తప్పు ఆ పిల్లది కాదు. ఈ హాస్టల్లో స్నానం బకెట్లకు కూడా గొలుసు వేసి తాళం వేసుకుంటారు.

"ఆ ప్రణాళికలు ఇప్పుడు లేవు ఆంటీ, బంద్ వెట్టిన్రు. పరీక్షల మాత్రం అడుగుతరు."

"ఏమడుగుతరు?"

"లక్ష్యాలు."

"ఎవరికి అందినయో, ఎవరికి అందలేదో అడుగరా?"

"అది సిలబస్‌ల లేదు ఆంటీ," అంది సుజాత, మళ్లీ పుస్తకం తెరుస్తూ.