అవతలి గోల్ దగ్గర పిల్ల

జనగామ డిగ్రీ కాలేజీలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కట్టిన ఏడు, గోల్ ముందు నిలబడటానికి ఎవరూ ఒప్పుకోలేదు. అందరికీ బంతి వెంట ఉరకాలనే ఉంది. పీడీ శ్రీపాల్ సార్ వరుస చివర నిలబడ్డ పొడుగు పిల్లను చూశాడు.

"నీ పేరేందమ్మా?"

"బానోత్ నవ్య సార్. సెకండియర్."

"ఎన్నడన్న ఆడినవా?"

"లేదు సార్."

"ఏం గాదు. చేతులు పొడుగున్నయి. గ్లౌజులు తొడుక్కో."

అలా నవ్య గోల్‌కీపర్ అయింది. కురవి దగ్గరి తండా నుంచి వచ్చి ఏడాది దాటినా హాస్టల్లో ఆమెకు ఎవరితోనూ చెలిమి కుదరలేదు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు బాగానే వచ్చు గానీ, నోరు తెరిస్తే ఎవరో ఒకరు ఆ మాటను అదే యాసలో తిరిగి పలికి నవ్వేవారు. దాంతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. జట్టులో చేరితే నలుగురిలో కలిసిపోతాననుకుంది. తీరా చూస్తే పదిమందీ ఒకచోట, తానొక్కతే ఇంకొకచోట. వాళ్ళవి నీలం జెర్సీలు, తనది పసుపు.

"నోరు తెరువమ్మా! ఎనుక నుంచి నీకే అంత కనవడ్తది. నువ్వు చెప్పకపోతె వాళ్ళకెట్ల తెలుస్తది?" అని శ్రీపాల్ సార్ రోజూ అరిచేవాడు. నవ్య తల ఊపేది. మైదానంలోకి దిగాక మాత్రం చేతి సైగలే చేసేది.

కాలేజీల పోటీలో నాలుగు జట్లు, జట్టుకు మూడేసి ఆటలు; పైకి పోయేది ఒక్క జట్టే. డిసెంబరులో మొదటి ఆట సొంత మైదానంలోనే, హనుమకొండ నుంచి వచ్చిన జట్టుతో. ఆరు గోల్స్ పడ్డాయి. వలలోంచి ఆరుసార్లు బంతి తీసి ఇచ్చింది నవ్యే. కెప్టెన్ జ్యోత్స్న "పోనియ్యి" అంది, అటు తిరిగి నీళ్ళు తాగుతూ. సాయంత్రం హాస్టల్ మెస్సులో నవ్య పళ్ళెం పట్టుకొని రాగానే ఆ బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. అందరూ కలిసి తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

మరునాటి నుంచి తెల్లారకముందే లేచి హాస్టల్ వెనక గోడకు బంతి కొట్టడం, తిరిగొచ్చేదాన్ని పడి పట్టుకోవడం మొదలుపెట్టింది. మోచేతులు గీరుకుపోయాయి. ఎవరూ అడగలేదు.

సంక్రాంతి సెలవుల తర్వాత భూపాలపల్లిలో రెండో ఆట. బొగ్గు లారీల దుమ్ముకు రోడ్డు పక్క చెట్లన్నీ నల్లబడి ఉన్నాయి. ఆ రోజు నవ్య తొమ్మిది బంతులు ఆపింది. ఆట సున్నా సున్నాతో ముగిసింది. "శభాష్ బిడ్డా" అని సార్ వీపు తట్టాడు. తిరుగు బస్సులో పిల్లలు ఇద్దరిద్దరుగా ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయారు. నవ్య పక్క సీట్లో బంతుల సంచి కూర్చుంది.

చివరి ఆట ఫిబ్రవరిలో మానుకోటలో. తండాకు దగ్గరే. వారం ముందే అమ్మకు ఫోన్ చేసింది. "యాడీ, నువ్వు రావాలె. గేటు పక్కన గోల్ ఉంటది. నేను గాడ్నే నిలబడ్త, పసుపుపచ్చ అంగీ." అమ్మ కమ్లీ మిరప ఏరే కూలికి పోతోంది. ఒక పూట మానుకొని వస్తానంది.

మొదటి సగమంతా నవ్య బంతిని ఎంత చూసిందో గేటును అంత చూసింది. కమ్లీ రాలేదు. విరామం అయ్యాక రెండు జట్లూ గోల్స్ మార్చుకున్నాయి. నవ్య అవతలి కొసకు పోయింది. గేటు పక్క గోల్‌లోకి మానుకోట కీపర్ వచ్చింది. ఆమెదీ పసుపు జెర్సీయే. అప్పుడు తట్టింది నవ్యకు, గోల్స్ మారతాయని అమ్మకు చెప్పనేలేదని.

ఆట ముగిసే వేళకు జ్యోత్స్న గోల్ కొట్టింది. పదిమందీ అక్కడే ఒకరి మీద ఒకరు పడి కేరింతలు కొట్టారు. నవ్య పది అడుగులు ఉరికి ఆగిపోయింది. గోల్ వదిలి పోకూడదు. రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. ఎవరూ ఇటు తిరగలేదు. అక్కడ మానుకోట కీపర్ కూలబడి ఏడుస్తుంటే, ఆమె జట్టు పిల్లలు ముగ్గురు వచ్చి లేపారు.

ఈల మోగగానే నవ్య గేటు దాకా ఉరికింది. ఎవరూ లేరు. తిరిగి వచ్చేసరికి శ్రీపాల్ సార్ ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు. "గెలిచినం గని, పాయింట్లు ఇద్దరికి సమానమైనయి, గోల్స్ లెక్కల హనుమకొండోళ్ళు పైకి పోయిండ్రు" అన్నాడు. ఆ ఆరు గోల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తే పని లేదు కూడా.

జనగామ రైల్లో ఉండగా కమ్లీ ఫోన్ చేసింది. తమ భాషలో, గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, ఏడుపాగిందా?"

"ఏడుపేంది?"

"దాస్తవెందుకు? గోడ మీదికెళ్ళి చూసిన. నువ్వు చెప్పిన కాడనే. బంతి పోంగనే కిందపడి ఏడ్చినవు. నా పానం తరుక్కపోయింది. పిలుద్దామనుకునే లోపల్నే ముగ్గురు పిల్లలొచ్చి నిన్ను లేపిండ్రు, మొఖం తుడిచిండ్రు. నా బిడ్డకు మనుషులున్నరులే అనుకొని, మళ్ళ చేనుకు పోయిన."

కమ్లీకి దూరపు చూపు ఆనదు. 'అది నేను కాదు' అన్న మాట నవ్య నోటి దాకా వచ్చింది. ఎదుటి సీట్లలో పిల్లలు ఒక జామకాయను నలుగురు కొరుక్కుంటున్నారు.

"జర దెబ్బ తాకింది యాడీ. గంతే. వాళ్ళు లేపిండ్రు గద."

"మంచి పిల్లలు."

"ఆఁ, మంచోళ్ళే."

ఎండాకాలంలో జ్యోత్స్నతో పాటు ఆరుగురు డిగ్రీ ముగించి వెళ్ళిపోయారు. మరుసటి ఏడు జట్టుకు అయిదు పేర్లే వచ్చాయి. శ్రీపాల్ సార్ పదిహేను రోజులు చూసి వలలు మడిచి స్టోర్‌రూమ్‌లో పెట్టించాడు. నవ్యను షాట్‌పుట్‌లో వేశాడు. ఇనుప గుండును తనే విసరాలి, తనే పోయి తెచ్చుకోవాలి.

ఆదివారం ఆదివారం కమ్లీ ఫోన్ చేస్తుంది. వానలు, చేను, మేకల ముచ్చట అయ్యాక తప్పకుండా అడుగుతుంది. "ఆ ముగ్గురు పిల్లలు బాగున్నరా?"

"బాగున్నరు."

"వాళ్ళ పేర్లేంది?"

నవ్య పోయినేటి జట్టులోంచి మూడు పేర్లు ఏరుకుంది. "జ్యోత్స్న, శ్రీలత... ఇంకొకామె భూదేవి" అంది.

"ఒకపారి తండాకు తోల్కరా. కోడి కోస్త."

"తోల్కొస్త యాడీ" అంది నవ్య.