మగ్గం గదికి రెండు డబ్బాలు

మా అక్కకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. మాత్రలు వేసుకుంటూనే ఉంటుంది, ఫిట్స్ వచ్చేటప్పుడు వస్తూనే ఉంటాయి. గద్వాలలో మాది నేత ఇల్లు. సందుకు ఇవతల మేమిద్దరం ఉండే ఇల్లు, అవతల అక్క నేసే మగ్గం గది. అది గుంట మగ్గం. కాళ్ళు గుంటలో పెట్టి కూర్చోవాలి. ఒకసారి అక్క ఆ గుంటలోనే పడిపోయి, నేను ధరూర్ బడిలో పాఠాలు చెప్పి ఇంటికి వచ్చేదాకా అట్లాగే ఉంది. తలుపు తీసేసరికి నుదుటి మీద రక్తం ఎండిపోయి ఉంది. కళ్ళు తెరిచి, మగ్గం మీది పోగుల వైపు చూస్తూ "పడుగు తెగిందేమో సూడు" అంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

కెమెరా పెడతానన్నాను. ససేమిరా అంది. తన ఒళ్ళు తన చేతిలో లేని ఆ కాసేపు ఎవరి కంటా పడకూడదనే ఆమె బతుకంతా జాగ్రత్తపడింది. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది.

"నువ్వొక్కదానివే సూడాలె. ఇంకెవ్వలు సూడొద్దు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను.

కెమెరాకు నెట్ కావాలి. నెట్ ఇంట్లో ఉంది, ఆ రాతి గోడలు దాటి సందు అవతలికి పోదు. వైరు లాగిస్తే కోతులు దాని మీద ఊగి తెంపాయి. మళ్ళీ లాగిస్తే గడ్డి ట్రాక్టరు ఈడ్చుకుపోయింది. మా బడిలో లెక్కల సారు వైర్‌లెస్ బ్రిడ్జి పెట్టించుకోమన్నాడు. రెండు చిన్న డబ్బాలు. ఒకటి మా మిద్దె మీద, ఒకటి మగ్గం గది మీద, ఎదురుబొదురుగా బిగిస్తే నెట్ గాలిలోనే అటు పోతుంది.

గద్వాల దుకాణంలో అన్నిటికంటే చవక జత చూపించారు. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చా అని అడిగాను.

"ఎందుకు మార్చుడమ్మా? అన్నిట్లకు ఒక్కటే ఉంటది. మర్శిపోయినా పరేషాన్ లేదు."

ఊరందరి దగ్గరా తాళంచెవి ఉన్న తాళాన్ని డబ్బులిచ్చి కొనాలట. దండం పెట్టి వచ్చేశాను. టీచర్ల ట్రైనింగ్ కోసం వనపర్తి పోయినప్పుడు అక్కడ ఇంకో దుకాణంలో అడిగాను. రెండు డబ్బాల మధ్య పోయేదాన్ని పక్కవాడు పట్టుకోలేని కొత్త రకం తాళం ఉందా, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చనిస్తుందా, అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా అని ప్రాణం తీశాను. ఆయనకు విసుగొచ్చింది.

"మీ ఇంట్ల ఏం ఖజానా ఉంది మేడం?"

"మా అక్క ఉంది."

ఆయన పై అర నుంచి ఒక జత దించాడు. మరీ ఖరీదుదేం కాదు, అడిగినవన్నీ ఉన్నాయి.

బిగించిన రోజు నేను మిద్దె మీద డబ్బాను అటూ ఇటూ తిప్పుతుంటే, అక్క అవతల నుంచి "వచ్చింది, పాయె, మల్ల వచ్చింది" అని అరుస్తూ నవ్వింది. ఆమె అట్లా నవ్వగా చూసి చాలా కాలమైంది. గదిలో వైఫైకి ఒక పాస్‌వర్డ్, కెమెరాకు ఇంకొకటి పెట్టబోతే అడ్డం పడింది. "రెండు నాకు యాదుండయి. ఒక్కటే పెట్టు. నేనెవ్వలికి చెప్త?" నిజమే, ఎవరికి చెబుతుంది అనుకున్నాను. ఒకటే పెట్టాను.

ఆ డబ్బాలు అక్కను ఒకసారి కాపాడాయి కూడా. బడిలో అన్నం తింటూ ఫోన్ చూస్తే మగ్గం ఆగి ఉంది, అక్క పక్కకు ఒరిగిపోయి కొట్టుకుంటోంది. ఎదురింటి పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఉరికిపోయి పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఆ దసరాకు మగ్గంతో పాటు గది మీది డబ్బాకు కూడా అక్క కుంకుమ పెట్టింది.

పండుగ పోయాక, అక్క పడిపోయిన రోజు కెమెరాలో రికార్డయిన వీడియో మా కులపోళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పై మూల నుంచి తీసిన మగ్గం, దాని పక్కన మా అక్క. నోట్లో నురగ, పక్కకు పోయిన కొంగు, తడిసిన చీర. కింద నవ్వే బొమ్మలు పెట్టారు. ఇంటికొచ్చేసరికి అక్క తన ఫోన్‌లో అదే చూస్తూ కూర్చుంది.

"నేను గిట్లుంటనా?" అంది. ఫిట్స్ వచ్చినప్పుడు తనెలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూసుకోలేదు.

పాస్‌వర్డ్ ఎవరికి చెప్పావని కసిరాను. తల దించుకునే చెప్పింది. మా దగ్గర కొత్త పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు, గంజి పెట్టాలంటే పొద్దున్నే దాన్ని సందు పొడుగునా చాపాలి. వాడకట్టంతా వచ్చి తలా ఒక చెయ్యి వేస్తేనే అవుతుంది. అందుకు కూలి ఇవ్వరు. పడుగు పట్టినవాళ్ళు ఏదడిగినా కాదనరు, అంతే. నీళ్ళయినా, నిచ్చెనయినా.

"నెట్ అడిగిండ్రు. పడుగు పట్టిండ్రు గదనే. ఎట్ల కాదంట?"

వనపర్తి దాకా పోయి నేను వెతికి తెచ్చిన తాళం ఈ మాట ముందు ఎందుకూ పనికిరాలేదు. ఒక్కటే పాస్‌వర్డ్ కదా, ఎవరో కెమెరాలోకీ పోయారు. ఎవరన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అక్కతో కలిసి పడుగు పట్టిన చేతుల్లోనే ఏదో ఒకటి. స్టేషన్‌కు పోదామన్నాను.

"ఆడ ఇంకో నలుగురు సూస్తరు" అంది.

కెమెరా ఆమే పీకేసింది, డబ్బాలు నన్ను తీసేయమంది. ఇప్పుడు లోపల గడియ వేసుకుని నేస్తుంది. సందులోకి పడుగు తేవడం మానేసింది, గంజి పెట్టినదే బయట కొంటుంది. సెలవు రోజుల్లో నేను మా అరుగు మీద కూర్చుని మగ్గం చప్పుడు వింటుంటాను. ఆగితే నా గుండె ఆగుతుంది. పోయి తలుపు కొడితే పలకదు. కాసేపటికి మళ్ళీ చప్పుడు మొదలవుతుంది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నిజంగా పడిపోతే నాకెట్ల తెలుస్తది అక్కా?"

అన్నం ప్లేటు నా ముందుకు జరుపుతూ చెప్పింది.

"తెల్వొద్దనే గడియ ఏసుకుంటున్న."