పుచ్చకాయకి విరుగుడు

సెఫెరీనా నోటికి మార్కెట్టంతా జడుస్తుంది. అసున్సియోన్ ఊళ్ళో తెరెరె, అంటే ఐసు నీళ్ళు పోసుకునే ఆకు కషాయం, తాగని మనిషి లేడు, అందులోకి ఆకులు దంచి అమ్మే ఆడవాళ్ళకీ కొదవ లేదు. అయినా జనం ఆమె దుకాణం ముందే నిలబడతారు. అంత కసిగా ఇంకెవరూ దంచరు మరి. ఆ కసి ఎక్కడిదో చెప్పాలి.

వెనక, దేశాన్ని మిలిటరీ జనరల్ ఏలిన రోజుల్లో ఆమె తమ్ముడు రోసెందోని పోలీసులు పట్టుకుపోయారు. కరపత్రాలు పంచాడట. అప్పటికింకా పెళ్ళికాని పిల్ల సెఫెరీనా, రోజూ మధ్యాహ్నం వాడికి తిండి గిన్నె మూటగట్టుకుని స్టేషనుకి వెళ్ళేది. ఇనప తలుపులో చిన్న కిటికీ. అందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి గిన్నె అందుకునేది. "మీవాడు బాగుందన్నాడు. రేపు రొట్టెలో చీజు ఇంకాస్త వెయ్యమన్నాడు" అనేది ఒక గొంతు. పిచ్చిది సంబరపడిపోయి, తన కడుపు మాడ్చుకుని చీజు కొనేది. ఎండలు పోయి చలి వచ్చాక గానీ తెలీలేదు, వాణ్ణి పట్టుకుపోయిన వారంలోనే చంపేశారని. శవం కూడా ఇవ్వలేదు. చంపినవాడి సంగతి దేవుడు చూసుకుంటాడు, తిన్నవాణ్ణి మాత్రం నేనే చూసుకుంటాను అనుకుంది సెఫెరీనా.

మొహం చూసుంటేగా! చర్చిలో పాడే ఒకాయన గొంతు విని వాడే అనుకుని, అడిగిన ఆకుల్లో విరేచనాల ఆకు కలిపింది. తీరా చూస్తే పాపం, ఆయన బతుకంతా నది మీద పడవ నడిపిన మనిషి. "నీ లెక్కన ఊళ్ళో మీసమున్న ప్రతివాడూ పోలీసే" అని దెప్పింది పక్కన పుచ్చకాయలమ్మే విదాలీనా.

"మీసం లేనివాళ్ళని కూడా చూస్తున్నాలే" అంది సెఫెరీనా.

ఈ వేసవిలో దోన్ ఎవారిస్తో అనే ముసలాయన కొడుకింటికి కొత్తగా వచ్చి, రోజూ ఆకులకి రావడం మొదలెట్టాడు. ఒకరోజు ఆమె తింటున్న రొట్టెకేసి అదేపనిగా చూస్తుంటే, మొహమాటానికి ఒక ముక్క తుంచి ఇచ్చింది. మొక్కజొన్న పిండి, చీజు, అందరూ చేసే రొట్టే. అందులో సోంపు వెయ్యడం మాత్రం వాళ్ళమ్మ పుట్టింటి అలవాటు.

ముసలాడు నమిలి కళ్ళు మూసుకున్నాడు. "సోంపు వేశావే! స్టేషన్లో ఉన్నప్పుడు ఎవరో పిల్ల తెచ్చేది ఇలాంటిది. ఏం రోజులులే అవి."

"మీరు పోలీసా?"

"అబ్బే, గుమాస్తాని. రాసుకునేవాణ్ణి." వేళ్ళు నాక్కుని, "రేపు చీజు ఇంకాస్త వెయ్యి" అన్నాడు.

సెఫెరీనాకి ఒళ్ళంతా మంటెత్తింది. అయినా పళ్ళు బయటపెట్టి, "రేపు రండి, తెరెరె కూడా నేనే పోస్తాను" అంది.

పుచ్చకాయ మీద తెరెరె పడితే కడుపులో విషమైపోతుందని, తెల్లారేలోగా చావు ఖాయమని అక్కడ ఉగ్గుపాలతోనే నేర్పుతారు. సెఫెరీనాకీ అందులో అనుమానం లేదు. విదాలీనా దగ్గర పెద్ద కాయ కొని, రంగు తేలకుండా తెల్లకండ మాత్రం పిండి, కూజాలో ఐసు నీళ్ళకి కలిపి, పుదీనా దండిగా దంచి పోసింది. ఒక్కటే చిక్కు. తెరెరె తాగేది ఎద్దుకొమ్ము కప్పులో. ఎవరు పోస్తే మొదటి కొమ్ము వాళ్ళే తాగాలి, లేకపోతే ఎదుటివాడు ముట్టడు. సరే, కలిసే పోదాం అనుకుంది. ఉతికిన గౌను వేసుకుంది, కోళ్ళకి గింజలు వెయ్యమని విదాలీనాకి అప్పగింతలు పెట్టింది.

ముసలాడు వచ్చాడు. ముందు ఆమె తాగింది. తర్వాత ఆయన తాగి, మళ్ళీ పోయించుకున్నాడు.

"ఎలా ఉంది?"

"ప్రాణం లేచొచ్చింది."

"పుచ్చకాయ నీళ్ళు అవి."

కొమ్ము కింద పడింది. "నీకేం ద్రోహం చేశానే తల్లీ?"

"సోంపు రొట్టె నాది. నేను రోసెందో అక్కని."

ముసలాడు ఏడుపందుకున్నాడు. "ఏ రొట్టెని చెప్పను? రోజూ బోలెడు గిన్నెలొచ్చేవి. కిటికీ దగ్గర వంతులేసుకుని నిలబడేవాళ్ళం, అందరం తినేవాళ్ళం. నీది అందుకున్నది నేనో ఇంకోడో, నాకేం తెలుసు?"

ఇన్నేళ్ళూ ఒక్క చేతి కోసం వెతికింది. తన గిన్నె అందుకున్నది ఆ చెయ్యేనో కాదో ఆ చేతిగలవాడికే తెలీదట. "ఇంటికెళ్ళి పడుకో. ఎక్కువసేపు పట్టదు" అని తోలేసింది. తనూ ఇంటికెళ్ళి, జపమాల చేత్తో పట్టుకుని పడుకుంది.

తెల్లారి కోడి కూసింది. ఆమెకి కడుపునొప్పైనా రాలేదు. ఉగ్గుపాలతో నేర్పినవాళ్ళందరినీ పేరుపేరునా తిట్టుకుంటూ దుకాణం తెరిచేసరికి, ముసలాడి కోడలు పరిగెత్తుకొచ్చింది. "సెఫెరీనమ్మా, మా మామగారు పుచ్చకాయ మీద తెరెరె తాగాను, పోతున్నానంటూ పెళ్ళినాటి సూటు వేసుకుని పడుకున్నారు. పచ్చి మంచినీళ్ళు ముట్టడం లేదు. విరుగుడుంటే ఇవ్వండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

సెఫెరీనాకి నవ్వొచ్చింది. ఆ వెంటనే బుర్ర వెలిగింది. "ఉంది. కానీ పంపేది కాదమ్మా. ఆయనే వచ్చి ఇక్కడ తాగాలి."

కోడలు అటు వెళ్ళగానే విదాలీనాని మార్కెట్టంతా తిప్పింది. ఆ రోజుల్లో స్టేషనుకి గిన్నెలు మోసిన ఆడవాళ్ళు ఎవరెవరున్నారో అందరినీ రమ్మంది. మాంసం కొట్టు ఆమె వచ్చింది, బట్టలు కుట్టే ఆమె వచ్చింది, కర్ర పొడుచుకుంటూ చేపల ముసలిదీ వచ్చింది. కొడుకు రెక్క పట్టుకుని నడిపించుకొస్తే సూటులో వచ్చిన దోన్ ఎవారిస్తో, వాళ్ళందరినీ చూసి ఆగిపోయాడు.

"మందు" అని చెయ్యి చాచాడు.

సెఫెరీనా రోట్లో పుదీనా వేసింది గానీ రోకలి ముట్టలేదు. "తొందరేముంది? ఎవరి గిన్నె ఎన్నాళ్ళు తిన్నారో వీళ్ళకి చెప్పండి. వంతుల్లో మీతో ఎవరెవరున్నారో, పేర్లతో సహా చెప్పండి. మందెక్కడికీ పోదు."

చేపల ముసలిది ముందుకొచ్చింది. "మా ఆయనకి చేపల సూపు తెచ్చేదాన్ని. ఆయన ఉప్పు చాల్లేదన్నాడని చెప్పేవాడు లోపలివాడు. చాలనిది నీకేనా?"

ముసలాడు మందుకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. "నాకే" అన్నాడు.

వెనక నిలబడ్డ కొడుకు తండ్రి రెక్క వదిలేశాడు.