రైట్ చెప్పందే కదలని బండి

రాజారత్నం ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడని రేపల్లెలో అందరికీ తెలుసు, ఆయన ఒక్కడికి తప్ప. ఖాకీ చొక్కా విప్పేశాడు, విజిలు డిపోలోనే ఇచ్చేసి వచ్చాడు, కానీ ఆయన లోపలి కండక్టరు మాత్రం బస్సు దిగలేదు. పెళ్ళి భోజనానికి వెళ్తే పంక్తిలో తలలు లెక్కపెట్టనిదే విస్తరి ముందు కూర్చునేవాడు కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఉద్యోగంతో వచ్చిన బుద్ధి అంతకంటే మొండిది.

అలాంటి మనిషి చేతికి మిల్లు వీధివాళ్ళు అంబులెన్సును అప్పగించారు. 108 ఉండగా వీధికో బండి ఎందుకయ్యా అని అడిగినవాళ్ళు లేకపోలేదు. పక్క వీధివాళ్ళు చందాలేసుకుని శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె కొన్నారు కాబట్టి మన వీధికీ ఏదో ఒకటి ఉండాలన్నదే అసలు సంగతి. వ్యాను వచ్చింది. దాతల పేర్లు రాయగా మిగిలిన జాగాలో ‘అంబులెన్స్’ అని కూడా రాశారు. బియ్యం వ్యాపారి బాలకృష్ణ సంఘానికి అధ్యక్షుడు, తోమాసు డ్రైవరు, రాజారత్నం కార్యదర్శి.

ఆయన చేతిలో పడ్డాక ఆ బండికి బస్సు లక్షణాలన్నీ పట్టుకున్నాయి. ఇంటికో సభ్యత్వ కార్డు, అచ్చం బస్సు పాసులాగే, ఫోటోతో సహా. ప్రతి ఏడూ ఏప్రిల్ అయిదులోగా మళ్ళీ కట్టాలి, ఆ సాయంత్రానికి కౌంటరు బంద్. కౌంటరంటే ఆయన వరండాలోని వాలుకుర్చీయే. కార్డున్నవాళ్ళకి తెనాలి దాకా ఉచితం, బాపట్ల వెళ్ళాలంటే వేరే చార్జీ. కార్డు లేనివాళ్ళకి భట్టిప్రోలు, వేమూరు, తెనాలి అని స్టేజీల వారీగా బిల్లు. ముందు బిల్లు, తర్వాతే ప్రయాణం.

నిజాయితీకి మాత్రం వంక పెట్టడానికి లేదు. ఓ పెద్దాయన వేమూరు దగ్గర దారిలోనే కన్నుమూస్తే, అక్కడి నుంచి తెనాలికి వేసిన చార్జీ తెచ్చి కొడుకుల చేతిలో పెట్టాడు. “వెళ్ళని దూరానికి డబ్బు తీసుకోవడం పాపమండి,” అన్నాడు. ఏడుస్తున్న కొడుకులకి ఆ నోట్లు ఏం చేసుకోవాలో తెలియలేదు. అధ్యక్షుడి అత్తగారు బాపట్ల నుంచి చుట్టపుచూపుగా వచ్చి బాత్రూములో జారిపడితే, కార్డులో ఆవిడ పేరు లేదని బాలకృష్ణకే బిల్లు రాశాడు. పోనివ్వమని అధ్యక్షుడే చెప్పినా వినలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మాట ఆ రోజు బాలకృష్ణకి బాగా అర్థమైంది.

ఇన్ని రూళ్ళలోకీ ఆయనకి ముద్దొచ్చే రూలు ఒకటుంది. బండి వచ్చిన కొత్తలో ఒకమ్మాయికి నొప్పులొస్తే అత్త, ఆడబిడ్డ, ఫ్లాస్కు, చాప, దిండు అన్నీ ఎక్కాయి. తోమాసు బండిని దూకించాడు. భట్టిప్రోలు దగ్గర చూసుకుంటే నొప్పుల పిల్ల బండిలో లేదు, రేపల్లెలో అరుగు మీదే కూర్చుని ఉంది! అప్పటి నుంచి రాజారత్నం స్వయంగా లోపలికి తొంగిచూసి, తలలు లెక్కపెట్టి, బండి పక్కన రెండు దెబ్బలు చరిచి, “రైట్ రైట్!” అంటే తప్ప చక్రం తిరగకూడదు. తోమాసుకి అది ఎంత అలవాటైందంటే, ఆ కేక వినబడందే అతని కాలు క్లచ్చి మీంచి లేచేది కాదు.

ఆ వీధి చివర జాన్ సైదా అనే దర్జీ ఉన్నాడు. ఒక ఏడు అతని భార్య ఇమాం బీ ఏప్రిల్ ఆరున సభ్యత్వం కట్టడానికి వచ్చింది.

“నిన్నటితో అయిపోయిందమ్మా,” అన్నాడు రాజారత్నం.

“ఒక్క రోజే కద సారూ!”

“ఒక్క నిమిషమైనా బస్సు వెళ్ళిపోయినట్టే కదమ్మా.”

ఆ నెల తిరక్కుండానే జాన్ సైదా మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. మోసుకొచ్చి బండిలో పడుకోబెట్టారు. రాజారత్నం కార్డు అడిగాడు. “మీరే కద సారూ కట్టించుకోనన్నారు?” అంది ఇమాం బీ. “అందుకే కదమ్మా బిల్లు రాస్తున్నాను,” అన్నాడాయన. కార్బన్ కాగితం కోసం లోపలికి వెళ్ళాడు. తర్వాత చిల్లర లేదన్నాడు. ఆవిడ పెద్దనోటు పట్టుకుని కిరాణా కొట్టుకి పరిగెత్తింది. ఆవిడ తిరిగొచ్చాకే రెండు దెబ్బలూ, రైట్ రైటూ.

ఇంకాస్త ముందు తెచ్చుంటే చెయ్యి దక్కేదేమోనని తెనాలి డాక్టరు అన్నాడు. ప్రాణం దక్కింది, ఎడమ చెయ్యి పడిపోయింది. గుడ్డను సూది కిందకి నడిపించే చెయ్యి అది. జాన్ సైదా మిషను మీద పాత దుప్పటి కప్పారు. రాజారత్నం బాధపడలేదని కాదు. అంతా రూలు ప్రకారమే జరిగింది కాబట్టి ఆ బాధ ఎక్కువసేపు నిలవలేదు.

వానలు మొదలైనాక ఒక ఉదయం రాజారత్నం వరండాలో కాఫీ తాగుతున్నాడు. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకుందామంటే కుడి చెయ్యి మాట వినలేదు. భార్యని పిలుద్దామంటే నోరు ఓ పక్కకి పోయింది. కమలమ్మ కేకలకి వీధంతా పోగైంది. 108కి ఫోన్ చేద్దామని ఎవరో అంటే, “గుమ్మంలో మన బండి పెట్టుకుని వాళ్ళని పిలిస్తే పరువేం కావాలి?” అన్నాడు బాలకృష్ణ. రాజారత్నాన్ని ఆయన బండిలోనే పడుకోబెట్టారు. తోమాసు ఇంజను స్టార్టు చేశాడు. చేసి, చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

“అమ్మా, సార్ కార్డు ఉందా?” అన్నాడు బాలకృష్ణ.

“ఆయనకి కార్డేంటి అన్నయ్యగారూ? ఆయనే కదా కార్యదర్శి!”

నిజంగానే లేదు. సిబ్బందికి టికెట్టేమిటని ఆయన ఏనాడూ సభ్యత్వం కట్టుకోలేదు.

“నిజమేననుకో. కానీ మా అత్తగారప్పుడు ఇదే మాట నేనంటే ఆయన విన్నాడా?” అన్నాడు బాలకృష్ణ. అని, తన మాటకి తానే కాస్త సిగ్గుపడి, “అయినా బండి ఎందుకు కదల్లేదురా?” అని డ్రైవరు మీదికి తిప్పాడు.

“సార్ రైట్ చెప్పలేదండి,” అన్నాడు తోమాసు.

లోపల పడుకున్న రాజారత్నానికి అన్నీ వినబడుతున్నాయి. రైట్ అందామని నాలికను తోశాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. బండి పక్కన కొడదామంటే కొట్టే చెయ్యే పోయింది. “ఏంటి సార్, రైటేనా అండి?” అంటూ తోమాసు వెనక్కి తిరిగి అడుగుతున్నాడు. రాజారత్నానికి భయమేసింది. చచ్చిపోతానని పచ్చిగా భయమేసింది. తలుపు మూసుకోవడానికీ చక్రం కదలడానికీ మధ్య ఇంత కాలం పడుతుందని ఇన్నేళ్ళ సర్వీసులో ఆయనకి తెలియదు. ఆయన ఎప్పుడూ బయట నిలబడి చూసినవాడే.

ఢాం, ఢాం అని బండి అదిరింది.

“రైట్ రైట్! పోనియ్యరా తోమాసూ, నీ రైటు తగలెయ్య!” ఇమాం బీ గొంతు. “బతికొస్తే తిట్టుకోడానికన్నా మనిషుంటాడు!”

తోమాసు కాలు దానంతటదే క్లచ్చి వదిలేసింది.

రాజారత్నం తెనాలి నుంచి బతికే తిరిగొచ్చాడు. కొన్నాళ్ళకి మాట వచ్చింది, కుడి చెయ్యి రాలేదు. ఆయనకి సంఘం పంపిన బిల్లు అక్షరాలా ఆయన రూలు ప్రకారమే ఉంది, తప్పు పట్టడానికి చోటు దొరకలేదు. సాయంత్రాలు జాన్ సైదా వచ్చి వరండాలో పక్కన కూర్చునేవాడు.

“మీది కుడి, నాది ఎడమ. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాం సార్,” అని నవ్వేవాడు. ఆ నవ్వు చూసి, పాత సంగతి అతను మర్చిపోయాడని రాజారత్నం తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

ఒక రోజు ఎండకి, నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చి అమ్మే మస్తానమ్మ గంపతో సహా ఆ వీధి మొగలో పడిపోయింది. తోమాసు బండి తెచ్చాడు, నలుగురూ పట్టి ఎక్కించారు. ఆ తర్వాత వీధి మొత్తం అలవాటుగా రాజారత్నం వరండా వైపు తిరిగింది.

“సార్, ఈమెది మన ఊరు కూడా కాదండి. కార్డు లేదు. బిల్లు ఏ స్టేజీ నుంచి రాయమంటారు?” అన్నాడు తోమాసు.

“బిల్లేంటిరా! ముందు నువ్వు పో!” రాజారత్నం వంకరపోయిన నోటితోనే అరిచాడు. కొట్టడానికి చెయ్యెత్తబోయాడు, అది లేవలేదు. జాన్ సైదా లేచి వెళ్ళి తన కుడిచేత్తో బండి మీద రెండు దెబ్బలు వేశాడు. బండి తెనాలి రోడ్డెక్కింది.

జాన్ సైదా వచ్చి మళ్ళీ పక్కన కూర్చున్నాడు.

“ఇదే మాట ఆ రోజు అనుంటే, సార్, ఇవాళ నా మిషను తిరుగుతుండేదండి,” అన్నాడు.

కోపంగా అనలేదు. రాజారత్నం ఎడమ చెయ్యి చాచి, పడిపోయిన అతని చేతి మీద పెట్టాడు.